మనిషికొక్క నక్షత్రం

కరెంటు పని చేసేవాడికి షాకు కొట్టడమంటే వంటమనిషికి చెయ్యి చుర్రుమనడం లాంటిది. బయటికి చెప్పుకోకూడదు. పన్నెండేళ్లలో నన్ను ఫ్యాన్లు కొట్టాయి, మోటార్లు కొట్టాయి, ఒకసారి పెళ్లి పందిట్లో సీరియల్ బల్బులు కూడా కొట్టాయి. అన్నిసార్లూ బట్టలు దులుపుకుని లేచాను. కానీ పోయినేడు ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను అరుగు మీద చతికిలబడేసినవి పదకొండు నక్షత్రాలు. వాటికి వైరు లేదు, వోల్టేజీ లేదు. అన్నీ నేను కోరి అడుక్కున్నవే. ఎలా అడుక్కున్నానో చెబుతాను. మీరు నవ్వినా పర్లేదు, మా ఆవిడ ఇప్పటికీ ఆపలేదు.

నా పేరు దానియేలు. మాది తోటపల్లి గూడూరు మండలంలో సముద్రం దగ్గరి ఊరు. తూర్పుకు పోతే రొయ్యల గుంటలు, పడమరకు పోతే వరి మళ్లు, మధ్యలో మేము. ఏడేళ్లు తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పని చేశాను. ఆదివారం ఒక్కరోజే ఇంటికి రావడం. మా పాప షారోనుకు మాటలొచ్చిన కొత్తల్లో, గుమ్మంలో నన్ను చూసి లోపలికి పరిగెత్తి, "మా! ఆదివారం మామ వచ్చినాడు!" అని కేక పెట్టింది. నాన్న అనలేదు, మామ అంది. ఆ షాకుకు మాత్రం దులుపుకుని లేవడం నా వల్ల కాలేదు. ఉద్యోగం మానేసి వచ్చేశాను.

మా ఆవిడ సునీత గట్టి మనిషి. "మూడు నెలలు చూస్తా. ఊళ్లో పనులొస్తే సరే. రాకపోతే మళ్లా తడ బస్సెక్కాల. ఇంట్లో కూర్చోని స్క్రూడ్రైవరుతో ఈపు గోక్కుంటా ఉంటే నేను ఒప్పుకోను," అంది.

రెండున్నర నెలలు ఇట్టే గడిచాయి. వచ్చిన పనులన్నీ మా చర్చి సంఘం వాళ్లవే. సొంతవాళ్ల పని సంగతి మీకు తెలియనిదేముంది! ఫ్యాను తిరగ్గానే కాఫీ ఇస్తారు, నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు, గేటు దాకా వచ్చి సాగనంపుతారు.

అలాంటి రోజుల్లో ఫోనులో ఒక వీడియో కంటబడింది. కోటు వేసుకున్న కుర్రాడు సూటిగా నా కళ్లలోకి చూసి, "మీ ఊరి కస్టమర్లు మీకోసం వెతుకుతున్నారు! మీరెక్కడున్నారు?" అని గద్దించాడు. నేను మంచం మీద ఉన్నాను. సిగ్గేసి లేచి కూర్చున్నాను. వాడు చెప్పినట్టే మ్యాపులో నా పేరుతో పేజీ తెరిచాను, చుట్టుపక్కల ఊర్ల పేర్లన్నీ ఎక్కించాను. చేసిన పనుల ఫోటోలు పెట్టమన్నాడు. నేను నా ఫోటో పెట్టాను. పెళ్లినాటి సూటు, చేతిలో కటింగ్ ప్లయరు.

సునీత చూసి, "పెండ్లికూతుర్ని ఎత్తుకపోను వచ్చిన దొంగ మాదిరిగా ఉండావు," అంది.

నాలుగో రోజు మొదటి ఫోను వచ్చింది. గొంతు సవరించుకుని ఎత్తాను.

"అన్నా, మ్యాపులో ఉండేది నువ్వేనా?"

"నేనేనండీ! చెప్పండి!"

"మా బర్రె పొద్దుట్నుంచి కనపడలేదన్నా. కాస్త ఆ మ్యాపులో చూసి యాడుండాదో చెప్పు."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట గెలవకుండానే మ్యాపు గెలవబోయాను.

సరే, అసలు కథకు వద్దాం. ఆ గురువారం టీ బంకు దగ్గర పెంచలయ్య కనిపించాడు. సముద్రం పక్కన ఆయనకు బోలెడు రొయ్యల గుంటలు ఉన్నాయి. ఆ గుంటల్లో నీళ్లను చిలికి గాలి అందించే యంత్రాలు, మోటార్లు, స్టార్టరు డబ్బాలు, అన్నిటినీ చూసుకునే మనిషి చెన్నై వెళ్లిపోయాడని ఊరంతా తెలుసు. ఆ పని దొరికితే ఏడాది పొడుగునా ఊళ్లోనే ఉండొచ్చు. తడ బస్సు నంబరు మర్చిపోవచ్చు.

"అన్నా, నేను చేస్తా," అన్నాను.

"నువ్వు మంచోడివే అబ్బయా. కానీ మా అమ్మాయి ఉండాదే, ఫోన్లో నలుగురి మాట చూడందే చెప్పులు కూడా కొననీదు. నీకు పేజీ ఉండాదంట కదా? ఆదివారం సాయంత్రం చూస్తాది. సోమవారం చెప్తా."

నా పేజీలో నలుగురి మాట కాదు కదా, ఒక్కరి దగ్గు కూడా లేదు.

ఇక ఆగుతానా! శనివారం చర్చి గ్రూపులో మెసేజీ పెట్టాను. రివ్యూ అంటే మావాళ్లకు తెలియదని తెలుగులో విడమరిచాను. ఇక్కడే, ఇదిగో సరిగ్గా ఇక్కడే, నా కొంప నేను అంటించుకున్నాను. "అందరికీ వందనాలు. నేను మీ ఇంట్లో చేసిన పని గురించి నా పేజీలో సాక్ష్యం రాయండి. ఆదివారం మనం చర్చిలో చెప్పే సాక్ష్యం మాదిరే, ఉన్నది ఉన్నట్టు. కింద నక్షత్రాలు ఉంటాయి, అవి కూడా ఇవ్వండి." ఎన్ని ఇవ్వాలో రాయలేదు. విందుకు పోయి "నాకు ఐదు గారెలు వెయ్యండి" అని అడుగుతామా? మర్యాద కాదని ఊరుకున్నాను.

మరునాడు ఆరాధన అవగానే మా మార్తమ్మత్త నన్ను పక్కకు పిలిచింది. ఆమె మా నాన్నకు అక్క. ముప్పై ఏళ్లుగా సండే స్కూలు టీచరు. సంఘంలో సగం మందికి అక్షరాలు నేర్పింది ఆమే. "ఒరే దానీ, నువ్వు ఇంటికి పోయి గమ్మునుండు. ఎట్టా రాయాల్నో వీళ్లకు నేను చెప్తా. దగ్గరుండి రాయిస్తా," అంది.

ఆమె కాళ్లకు దండం పెట్టినంత పని చేసి ఇంటికొచ్చాను. చేపల పులుసు కలుపుకున్నానో లేదో, ఫోను టింగుమంది. మళ్లీ టింగు. పదకొండు టింగులు లెక్కపెట్టాను. "చూడు, సునీతా! చూడు మన సంఘం ప్రేమ!" అంటూ ఎడమచేత్తో పేజీ తెరిచాను.

పదకొండు సాక్ష్యాలు. మనిషికొక్క నక్షత్రం. ఐదుకు ఒకటి!

అంతటితో పోలేదు. ఆ పేజీలో ఎవరెంత రాసినా మొదటి రెండు ముక్కలే బయటికి కనిపిస్తాయి. మిగతాది చూడాలంటే కింద "ఇంకా" అన్నచోట నొక్కాలి. దేవుడు చేసిన మేలును నలుగురి ముందు చెప్పుకునే మా సాక్ష్యం పద్ధతి మీకు తెలుసా? ముందు కష్టం చెప్పాలి. వినేవాళ్లు కళ్లు తుడుచుకునేదాకా చెప్పాలి. విడుదల చివర్లో వస్తుంది. ఆ లెక్కన నా పేజీలో బయటికి కనిపించినవి ఇవీ:

మార్తమ్మత్త: "దానియేలు మా ఇంట అడుగు పెట్టిన దినాన నేను చావును కళ్లారా చూచితిని…"

చర్చి మైకు చూసుకునే యోహాను: "ప్రసంగం మధ్యన మైకులోనుండి పొగ లేచెను. సంఘమంతయు బయటికి పరుగెత్తెను. ఆ సమయమందు దానియేలు…"

కొబ్బరి బోండాల ప్రకాశం: "మూడు దినములు నా ఇంట గాఢాంధకారము. నా పిల్లలు ఏడ్చిరి…"

సంఘపెద్ద ఏలియా తాత: "నేను మొదట తాగుబోతును…"

ఏలియా తాతది పూర్తిగా తెరిచి చూశాను. పుట్టుక నుంచి మొదలుపెట్టి, సారాయి, కాలు విరగడం, మారుమనస్సు, బాప్తిస్మం, ముగ్గురు కూతుళ్ల పెళ్లిళ్లు అన్నీ రాసి, అట్టడుగున ఒక్క ముక్క: "అటు తరువాత దానియేలు మా ఫ్యాను బిగించెను. ఆమేన్."

పులుసు చేతికే ఎండిపోయింది. అత్త ఇంటికి పరిగెత్తాను.

"అత్తా! నా కొంప ముంచినావు కదత్తా! ఒక్క నక్షత్రమేంది?"

అత్త కళ్లజోడు పైకి తోసింది. "ప్రభువు పుట్టినప్పుడు తూర్పునుంచి వచ్చిన జ్ఞానులకు బేత్లెహేముకు దారి చూపను ఎన్ని నక్షత్రాలు వచ్చినాయిరా?"

"ఒకటి."

"జ్ఞానులు తప్పిపోయినారా?"

"లేదు."

"మరి? ప్రభువుకే ఒక్కటి చాలితే నీకు ఐదు కావాల్సి వచ్చినాయా? అంత గర్వం పనికిరాదు నాయనా."

దీనికి ఏం సమాధానం చెబుతారో మీరే చెప్పండి.

"పోనీ అత్తా, ఆ చావు సంగతైనా తీసెయ్. నేను చంపబోయినట్టుగా ఉండాది!"

"జరగలేదా? ఫ్రిజ్జు పట్టుకుంటే నా చెయ్యి అతుక్కోలేదా? నువ్వు ఉరుక్కుంటా వచ్చి మెయిన్ ఆపకపోతే ఈ పాటికి నేను పైన ఉండేదాన్ని కాదా? చెప్పిన సాక్ష్యం మార్చమంటావా? అబద్ధ సాక్ష్యం పలకొద్దని ఆజ్ఞ ఉండాదా లేదా?"

మిగిలిన పదిమందీ అదే మాట. ఆజ్ఞ మీరే మనిషి ఒక్కడూ దొరకలేదు. అంత భక్తిగల సంఘంలో పుట్టినందుకు ఆ రోజు మొదటిసారి ఏడుపొచ్చింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కిన అడుసులో కాలు కడుక్కోవడానికి చెంబెడు నీళ్లు కూడా లేవు.

సాయంత్రం తడ సూపర్‌వైజరుకు ఫోను చేసి, "మంగళవారం వస్తాను సార్," అన్నాను. సునీత బ్యాగులో బట్టలు సర్దింది. షారోను బ్యాగు పక్కన కూర్చుని, "మళ్లా ఆదివారం వస్తావా?" అంది. ఉండబట్టలేక పెరట్లోకి వెళ్లి, బాగానే ఉన్న స్విచ్చుబోర్డు ఒకటి విప్పి మళ్లీ బిగించాను.

సోమవారం పొద్దున్నే పెంచలయ్య ఫోను. "దానియేలూ, ఇంట్లోనే ఉండు. వస్తుండా." గొంతు గంభీరంగా ఉంది. మాట కూడా పొడిగించలేదు. తిట్టడానికి ఫోను చాలదా, బండేసుకుని రావాలా అనుకున్నాను. ఎందుకైనా మంచిదని సునీత మార్తమ్మత్తను పిలుచుకొచ్చింది.

ఆయన వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"ముందు ఒకటి చెప్పు. ఆ ముసలామె బాగుండాదా?"

"ఏ ముసలామె అన్నా?"

"చావును కళ్లారా చూసినామె."

"నేనే నాయనా, బాగుండా," అంటూ మార్తమ్మత్త ముందుకొచ్చింది. "కూర్చో, కాఫీ తాగు."

పెంచలయ్య గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. "అమ్మయ్య! నిన్నట్నుంచి అదే దిగులు తల్లీ!" అన్నాడు. అప్పుడు విషయం చెప్పాడు. వాళ్లమ్మాయి నా పేజీ చూసి, "వద్దు నాన్నా, ఈయన పిలిచిన చోటల్లా పొగా చావులే," అని ఫోను పక్కన పెట్టేసిందట.

"ఆ పిల్ల వదిలేసింది గానీ నేను వదల్లేకపోయినా. మనిషి చావును చూసినానంటే తర్వాత ఏమైందో తెలియకుండా అన్నం దిగతాదా? అందుకని ఆ 'ఇంకా' నొక్కినా. ఒకటి చదివితే ఇంకోటి. ఏలియా తాతది మా ఇంటిదానికి కూడా చదివి వినిపించినా. రెండో కూతురి పెళ్లి కాడ ఏడ్చింది కూడా."

"మరి… పని సంగతి అన్నా?"

"అదే చెప్తుండా. మిగతా కరెంటోళ్లవి కూడా చూసినా. అందరికీ ఐదేసి స్టార్లే. గుడ్డు, సూపరు, దండం బొమ్మ. మనిషి ఎప్పుడొచ్చినాడో, ఏం చేసినాడో ఒక్కడూ రాయలా. నీకు పదకొండు మంది రాసినారు. పదకొండు మందీ చివర్లో ఒకటే మాట. పిలవంగానే వచ్చినాడు. అన్నం కాడ్నుంచి లేచి వచ్చినాడు, వానలో వచ్చినాడు, జ్వరంతో వచ్చినాడు. గుంటలో గాలి ఆగితే నా రొయ్యలు నువ్వొచ్చేదాకా కాచుకోని ఉంటాయా? నాకు కావాల్సింది వచ్చే మనిషి అబ్బయా. రేపట్నుంచి గుంటల కాడికి రా."

సునీత చప్పుడు చేయకుండా బ్యాగును కాలితో మంచం కిందికి తోసింది. షారోను దాన్ని ఇంకా లోపలికి తోసింది. నా గుండెల మీది మోటారు ఎవరో దించినట్టయింది. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియని మొహంతో నిలబడ్డాను.

అంతా సుఖాంతమే అనుకుంటుండగా పెంచలయ్య కాఫీ గ్లాసు కింద పెట్టి, "అది సరే గానీ, ఇంత పొగిడి ఆ ఒక్క స్టారేందమ్మా?" అన్నాడు.

నేను కళ్లు మూసుకున్నాను. అత్త తొణకలేదు.

"నువ్వు యాడ్నుంచి వచ్చినావు నాయనా?"

"గుంటల కాడ్నుంచి. సముద్రం పక్కనుంచి."

"అంటే తూర్పునుంచి. ఏం చూసి వచ్చినావు?"

"ఆ ఒక్క స్టారు చూసే కదమ్మా, ఇదేందబ్బా అని…"

అత్త నావైపు తిరిగింది. కళ్లజోడు పైకి తోసి ఒక చూపు చూసింది. కొంగు సర్దుకుని, కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. అలాంటి చూపు కంటే చెంపదెబ్బ నయం.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం గుంటల దగ్గర స్టార్టర్లన్నీ ఒకేసారి మొరాయించాయి. అన్నం కంచం వదిలి పరిగెత్తి గంటలోపే అన్నీ తిప్పాను. పెంచలయ్య పొంగిపోయి, "నీకు నేను కూడా రాస్తా!" అన్నాడు. "వద్దన్నా, నీకు పుణ్యముంటాది!" అని బతిమాలాను. వినలేదు. సాయంత్రానికి ఫోను టింగుమంది.

"నా రొయ్యలన్నీ ఒక్క పూటలో చచ్చి తేలుతాయనుకుంటిని. గట్టు మీద తల పట్టుకొని కూలబడితిని. ఆ సమయమందు దానియేలు…"

కింద ఒక్కటంటే ఒక్క నక్షత్రం. వాళ్లమ్మాయి ఐదు పెట్టమని నెత్తీ నోరూ బాదుకుందట. "నీకు తెల్దు, గమ్మునుండు. దీనికి ఒకటే పెట్టాల," అన్నాడట.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మెయిన్ ఆఫ్ చేసి, ఒట్టికాళ్లతో నేల మీద నిలబడి, కుడిచేత టెస్టరు పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. నా బతుకులో ఇంకెప్పుడూ ఎవరినీ సాక్ష్యం అడగను. మీ ఇంట్లో ఫ్యాను ఆగితే పిలవండి, అన్నం వదిలి వస్తాను. నచ్చితే కాఫీ ఇవ్వండి, ప్రార్థన చేయండి, గేటు దాకా సాగనంపండి. నక్షత్రాల జోలికి మాత్రం వెళ్లకండి. పన్నెండయ్యాయి, చాలు.