కరెంటు పోయినప్పుడల్లా క్లారినెట్

నాకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. అలాంటివాడికి పొద్దస్తమానం కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగం దొరికింది. తొంభైల మొదట్లో సిద్దిపేటలో ఒక మేడ మీది కంప్యూటర్ సెంటర్‌లో ప్రోగ్రాములు రాసేవాడిని. రైసు మిల్లులకూ ఎరువుల దుకాణాలకూ బిల్లులు వేసే ప్రోగ్రాములు. గుళ్ళోకి వెళ్ళినట్టు చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. దుమ్ము పడితే యంత్రం పాడవుతుందని మా యజమాని భయం. ఊరంతా ఎండకు మాడిపోతుంటే నేను ఏసీలో ఉంటానని జనం అసూయపడేవారు. నాకు మాత్రం మధ్యాహ్నానికల్లా ఊపిరాడేది కాదు. ప్రోగ్రాములో తప్పు దొరకనప్పుడు కాలుగాలిన పిల్లిలా ఆ గదిలోనే తిరిగేవాడిని.

నన్ను కాపాడింది కరెంటు కోత. కరెంటు పోయిందంటే తెర నల్లబడేది, సేవ్ చేయనిదంతా గంగలో కలిసేది. తక్కినవాళ్ళు తలలు పట్టుకుంటే నేను చెప్పులేసుకుని మెట్లు దిగేవాడిని. కింద పెళ్ళిళ్ళ బ్యాండు వాళ్ళ గది ఉండేది. వాళ్ళ పెద్దను అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. ట్రంపెట్ వాయించే ముసలాయన, ఉర్దూలో తిట్టి తెలుగులో బుజ్జగించేవాడు. ఆయన దగ్గరే క్లారినెట్ నేర్చుకున్నాను. ఆదివారం లగ్గాలకు ఎర్రకోటు తొడుక్కుని వెళ్ళేదాకా వచ్చాను. నా కాళ్ళూ వేళ్ళూ ఒకేసారి తృప్తిపడే పని లోకంలో అదొక్కటే.

అంతలో సంబంధం కుదిరింది. మద్దూరు పిల్ల. చూసిన రోజే నచ్చింది. కంప్యూటర్ అనే మాటకు పిల్ల తండ్రి పొంగిపోయాడు, కానీ ఎర్రకోటు సంగతి ఎవరో ఆయన చెవిన వేశారు. పెద్దమనుషుల ముందే తేల్చేశాడు.

"కంప్యూటరాయనకు పిల్లనిస్తున్న. బాజా వాయించేటాయనకు గాదు. గా బాజా బందు వెడ్తనని మాటియ్యి, బిడ్డా."

మా బాపు నా తొడ గిల్లాడు. మాటిచ్చాను. ఆ తర్వాత కరెంటు పోయినా మెట్లు దిగలేదు. ఉక్కపోతలో ఉత్త కీబోర్డు మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చునేవాడిని. కింది నుంచి ట్రంపెట్ వినిపిస్తే కోపం వచ్చేది, ఎవరి మీదో తెలియదు.

పెళ్ళిరోజు పొద్దున మద్దూరు పొలిమేరలో ఎదుర్కోళ్ళు. బాసింగం కట్టుకుని, మెడలో బంతిపూల దండతో జీపులో కూర్చున్నాను. సిద్దిపేట బ్యాండైతేనే పరువని మామ మాట్లాడుకొచ్చింది మా ఉస్తాద్‌నే. పాట మొదలైంది. క్లారినెట్ అందుకోవలసిన చోటు రాగానే ట్రంపెట్ ఆగిపోయింది. ఉత్త డ్రమ్ములే నడిచాయి. మళ్ళీ ట్రంపెట్, మళ్ళీ అదే ఖాళీ. నా చోటు నాకే వదిలేశారని తెలిసిపోయింది. పాట మధ్యమధ్యన ఎందుకు తెగిపోతోందని మామ విసుక్కున్నాడు. ఉస్తాద్ ట్రంపెట్ దించి నా వైపు చూపించాడు.

"గాడ వాయించేటోడు జీపుల కూసున్నడు, సాబ్."

మామ విననట్టే ముందుకు నడిచాడు. జీపులోంచి దూకేద్దామనిపించింది. బాపు చెయ్యి నా భుజం మీదే ఉంది. పందిరి చేరేసరికి నా మెడలో దండ లేదు, దారం మిగిలింది. ఒళ్ళో అంతా తుంచిన బంతి రెక్కలే. పెళ్ళికూతురు నాకు దండ వేస్తూ ఆ దారాన్ని చూసింది.

సాయంత్రం సిద్దిపేటకు తిరిగి వస్తుంటే, అప్పగింతల ఏడుపు ఇంకా ఆరకముందే, ఆ పూలు ఏమయ్యాయని మెల్లగా అడిగింది. చెప్పేశాను. క్లారినెట్ గురించీ, ఇచ్చిన మాట గురించీ, పాటలో వదిలిన ఖాళీ గురించీ. ఆమె మొహం బయటికి తిప్పుకుంది. చెప్పి తప్పు చేశానేమో అనుకున్నాను.

"మాటిచ్చింది మా బాపుకు. నాకు గాదు గదా," అంది.

సెలవు అయిపోయి పనిలోకి వెళ్ళిన రోజే కరెంటు పోయింది. అందరూ తలలు పట్టుకున్నారు. నేను చెప్పులేసుకున్నాను.