అరిసెల ముందురోజు

నేను ఆయాగా పనిచేసే శిశుగృహం గవర్నర్‌పేటలో బట్టల గోడౌన్ల వెనక సందులో ఉంది. ఎవరూ లేని పిల్లలు, ఉన్నా ఉంచుకోలేని వాళ్ళ పిల్లలు అక్కడికి వస్తారు. కొందరు బొడ్డు ఊడకముందే వస్తారు. మూడేళ్ళు దాటితే వేరే చోటికి పంపేస్తారు. ఈలోగా ఎవరైనా దత్తతకు తీసుకుంటే వాళ్ళ అదృష్టం.

నేను పుట్టింది కంకిపాడు అవతల ఒక పల్లెలో. ఊడ్పులకీ కలుపులకీ తిరిగిన దాన్ని. మా ఆయనకి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని కుదిరితే విజయవాడ వచ్చాం. ఆయన పోయాక ఈ పనిలో చేరాను. అప్పటికి నాకు అక్షరం రాదు. పిల్లకి మందు పట్టినా, పాల డబ్బా విప్పినా, రిజిస్టర్‌లో ఎక్కడ చూపిస్తే అక్కడ బొటనవేలు వేసేదాన్ని. నల్ల సిరా గోటి సందులో ఉండిపోయేది. ఆ చేత్తోనే పిల్లలకి అన్నం కలిపేదాన్ని.

మా హాల్లో గోడకి ఒక పెద్ద పటం ఉంది. పసిపిల్లల కార్యక్రమం వాళ్ళు తెచ్చి తగిలించారు. ఏ నెలకి మెడ నిలపాలి, ఏ నెలకి కూర్చోవాలి, ఎప్పుడు నడవాలి, అన్నీ బొమ్మలతో ఉంటాయి. పిల్లలతో మాట్లాడుతూ ఉండండి, ఆడించండి అని శిక్షణ కూడా ఇచ్చారు. ఎనిమిది మంది ఒక్కసారి ఏడుస్తుంటే ఎవరితో మాట్లాడాలో మాత్రం చెప్పలేదు.

ఆ పటం కంటే ముందు నుంచీ మాకో లెక్క ఉంది. బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, గడప దాటితే గారెలు, అడుగులకు అరిసెలు, పలుకులకు చిలకలు. ఇంట్లో పుట్టిన పిల్లకి అమ్మమ్మ చేస్తుంది. మా పిల్లలకి ఎవరు చేస్తారు? మేమే చేసేవాళ్ళం. నాకంటే ముందు నుంచీ ఉన్న పెద్ద ఆయా దగ్గరుండి అన్నీ చేయించేది. ఆవిడని అందరం పెద్దమ్మా అనే పిలిచేవాళ్ళం.

నేను చెప్పబోయే పిల్ల పది రోజుల గుడ్డుగా వచ్చింది. గృహంలో పెట్టిన పేరు ఒకటుంది. అది ఎలాగూ మారిపోతుంది కాబట్టి రాయను. నా వంతులో పడింది. నా గొంతు వింటేనే పాలు తాగేది. పదమూడో నెలలో ఒక గురువారం, ఉయ్యాల కోడు వదిలేసి నా వైపు నాలుగు అడుగులు వేసింది. పడలేదు. నాలుగూ వేసి నా మోకాళ్ళు పట్టుకుని, "అత్తా" అంది. మమ్మల్ని అమ్మా అని పిలిపించుకోకూడదని రూలు. అందుకని అత్తా అని నేర్పాను.

"ఆదివారం అరిసెలు వండుదాం. అప్పటిదాకా బయట అనకు. అరిసెలు తొక్కించకుండా పిల్ల నడుస్తోందని చాటుకుంటే కాళ్ళకి దిష్టి తగులుతుంది" అంది పెద్దమ్మ.

మేం చర్చికి వెళ్ళేవాళ్ళం. దిష్టీ గిష్టీ లేదని పాస్టరుగారు ప్రసంగంలో చెప్పేవారు. ముందు వరసలో ఆయన భార్య, మనవరాలికి బుగ్గన కాటుక చుక్క పెట్టి ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. మా వైపు ఏ తల్లినైనా పిల్లాడు బాగా తింటాడా అని అడగండి. ఏం తింటాడండీ, మెతుకు ముట్టడు అంటుంది. ఆ పిల్లాడు అప్పుడే గిన్నెడు మింగి ఉంటాడు. పిల్లల సంగతి పైవాళ్ళకి తగ్గించి చెప్పాలి. అది మాకు పాలతో వచ్చిన బుద్ధి.

శనివారం మధ్యాహ్నం బియ్యం నానబోసి చేతులు తుడుచుకుంటున్నాను. గేటు దగ్గర జీపు ఆగింది. పిల్లల ఎదుగుదల చూసి కాగితం రాసే మేడం దిగింది. ఈ పిల్లని చూడడానికే వచ్చింది. ఒక భార్యాభర్తలు ఫోటో చూసి ఒప్పుకున్నారట. చివరిగా ఈ కాగితం వెళ్తే వచ్చి తీసుకెళ్తారట. ఈ మాట మా సూపరింటెండెంటు మేడంకి తెలుసు. మాకు తెలియదు. మాకు చెప్పాలని ఎవరికీ అనిపించలేదు.

కొత్త మనిషి ముఖం చూడగానే పిల్ల నా చీర కుచ్చెళ్ళలో దూరింది. మేడం గిలక్కాయ ఆడించింది, రంగు చెక్కలు పెట్టింది. పిల్ల చూడలేదు.

"పాప నడుస్తోందా అమ్మా?"

"ఎక్కడండీ. ఇంకా లేదండి."

"రెండడుగులు కూడా వేయదా?"

పెద్దమ్మ నా వెనక నుంచి అందుకుంది. "నిలబడితే గొప్పండి దానికి."

"మాటలేమైనా వచ్చాయా?"

"మాటలాండీ. పిలిస్తే మూగదాన్లా చూస్తదండి" అన్నాను.

ఆ మాట అంటూ పిల్ల వీపు నిమరడం నాకు బాగా గుర్తు. నిన్ను కాపాడుతున్నానే అని నా చెయ్యి దానికి చెబుతోంది. మేడం రాసుకుంది. నా బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద నొక్కింది. టీ కూడా తాగకుండా జీపెక్కింది.

జీపు సందు తిరగ్గానే పెద్దమ్మ పిల్లని కిందికి దించింది. "రావే మూగదానా, నడు" అంది. అది హాలు ఆ చివరిదాకా నడిచింది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేశాం.

ఆదివారం అరిసెలు పళ్ళెంలో పరిచి, పిల్లకి కొత్త గౌను వేసి వాటి మీద నడిపించాం. అరికాళ్ళకి నువ్వులు అంటుకున్నాయి. నేను తుడవబోతే కాళ్ళు లాక్కుని నవ్వింది.

మూడు వారాలకి సూపరింటెండెంటు మేడం నన్ను ఆఫీసులోకి పిలిచింది. "పిల్లలో ఎదుగుదల లోపం ఉందని వచ్చింది. ఆ భార్యాభర్తలు వద్దన్నారు. ప్రత్యేక అవసరాల జాబితాలో వేశారు" అంది.

నాకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక బయటికి వెళ్ళి పిల్లని తెచ్చి ఆవిడ బల్ల ముందు దింపాను. అది నడిచి వెళ్ళి ఆవిడ చేతిలో కలం లాగింది.

"నడుస్తోందండి. మీరే చూడండి."

"నేను రోజూ చూస్తూనే ఉన్నానమ్మా. లేదని చెప్పింది నువ్వే కదా."

"దిష్టి తగులుద్దని అన్నానండి."

ఆవిడ పిల్ల చేతిలోంచి కలం తీసుకుంది. "ఇది నేను పైవాళ్ళకి ఎలా రాయమంటావు?" అంది.

ఆవిడని తిట్టుకున్నాను. రోజూ చూస్తున్న మనిషి ఆ కాగితం చదివి కూడా పంపిందా, చదవకుండానే పంపిందా అని ఇప్పటికీ అడగలేదు. మళ్ళీ చూడమని రాసిందట. మళ్ళీ చూడడానికి మనిషి వచ్చేసరికి వానాకాలం గడిచిపోయింది. ఈసారి నడుస్తోందని రాసిన కాగితం పాత దాని కింద పెట్టి కుట్టారు. పాతది తియ్యకూడదట. ఆ భార్యాభర్తలు అప్పటికే ఇంకో పిల్లని తెచ్చుకున్నారు. ఫైలు విప్పగానే లోపం అని కనిపిస్తే ఇంకెవరు ముందుకొస్తారు? రెండేళ్ళు నిండాక, ఎదుగుదల లేని పిల్లలుండే వేరే గృహానికి పంపేశారు. అది వేరే జిల్లాలో ఉంది.

వ్యాను ఎక్కించేటప్పుడు నన్ను వంటింట్లో ఉండమన్నారు. నేను కనబడితే పిల్ల ఏడుస్తుందని.

సాయంత్రం డ్రైవరు తిరిగొచ్చి మెట్ల మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు.

"ఏడ్చిందా?" అన్నాను.

"దారంతా కబుర్లేనమ్మా. లారీని చూపించి లారీ అంటది, గేదెని చూపించి గేదె అంటది. అక్కడ దిగి తనే నడుచుకుంటూ లోపలికి పోయింది. ఆవిడెవరో కాగితం చూసింది, పిల్లని చూసింది. 'నడవదని రాశారే, వేరే పిల్లని తెచ్చావా?' అని నన్నడిగింది."

నవ్వాడు. తాగిన గ్లాసు నా చేతికిచ్చాడు. "తర్వాత చేర్చుకుంది లెండి. మెల్లకన్ను పిల్లలూ, కాళ్ళు పడిపోయిన పిల్లలూ ఉన్నారమ్మా. మన పిల్ల వాళ్ళ మధ్యన ఆడుకోడానికి మనిషి కోసం చూస్తా నిలబడింది."

పెద్దమ్మ ఆ రోజు నుంచీ ఆ పిల్ల ఊసు ఎత్తలేదు. ఎత్తితే ఇద్దరం అనుకోవాల్సిన మాటలు ఉన్నాయి కదా.

అక్షరాలు నేర్చుకోవాలని నాకు అంతకుముందు ఎప్పుడూ అనిపించలేదు. పాస్టరమ్మగారు ఆదివారం ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళకి పలక పట్టించేవారు. నేనూ వెళ్ళి కూర్చున్నాను. అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్ళు. బైబిలు చదువుకోవాలని వచ్చావా అని ఆవిడ సంతోషించారు. అవునండీ అన్నాను. ఒత్తులు వచ్చేసరికి ఏడాది పట్టింది.

ఆఫీసులో అల్మరా దులిపే పని నాదే. అసలు ఫైలు పిల్లతో వెళ్ళిపోయింది. నకలు ఒకటి అక్కడే ఉంది. నా వేలిముద్ర చూసి గుర్తుపట్టాను. నేల మీద కూర్చుని ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. సొంతంగా నడవదు. మాటలు లేవు. పిలిస్తే స్పందన లేదు. చివర, ఆయా చెప్పిన ప్రకారం అని ఉంది. మొత్తం చదవడానికి, ఆ మేడం మా దగ్గర ఉన్నంతసేపు పట్టింది.

ఇప్పుడు రోజువారీ రిజిస్టరు నేనే రాస్తాను. మొన్న ఒక మేడం వచ్చి, బాబు పాకుతున్నాడా అని కొత్త ఆయాని అడిగింది. ఎక్కడండీ అని ఆ అమ్మాయి అనబోతుంటే నేను అడ్డుపడ్డాను. "పాకుతున్నాడండి. నిన్న గడప దాటాడు. రాసుకోండి" అన్నాను. పెద్దమ్మ లోపలి నుంచి గొణిగింది. "గారెలు వెయ్యందే చెప్పేసింది, మహాతల్లి." మేడం రాసుకునేదాకా పక్కనే నిలబడి చూశాను. అదేమిటమ్మా, నా మీద నమ్మకం లేదా అంది. లేదండి అన్నాను.

ఆ నకలు మీద నా వేలిముద్ర పక్కన ఖాళీ ఉంది. ఒకరోజు అందులో నా చేత్తో రాశాను. నడిచింది. అత్తా అని పిలిచింది. నేను అబద్ధం చెప్పాను. కింద సంతకం పెట్టి, మళ్ళీ ఉన్నచోటే పెట్టేశాను. ఆ అల్మరా నేను దులపడానికి తప్ప ఎవరూ తెరవరు.