అమ్మ కంట్లో నాలుగు వెంట్రుకలు

మా అమ్మ కళ్ళలో వెంట్రుకలు మొలిచాయని మా అత్తగారు బతికినన్నాళ్ళూ ఎగతాళి చేసింది. మొలవలేదు మహాతల్లీ, రెప్పవే లోపలికి తిరిగాయి అని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ తలకెక్కలేదు. కొల్లేటి ఒడ్డున మా ఊళ్ళో ఏటా కళ్ళకలక వచ్చేది. అది వచ్చి వచ్చి అమ్మ రెప్పలు లోపలికి ముడుచుకున్నాయి. నాలుగు వెంట్రుకలు నల్లగుడ్డును గీరుతూ ఉండేవి. అమ్మ వలలు అల్లేది. చూపు పోతే ఆ పనీ పోయినట్టే.

వైద్యాలకేం, బోలెడు! నందివర్ధనం పూలు కళ్ళ మీద వేసి కట్టమన్నారు. చల్లగా ఉందనేది గానీ వెంట్రుకలు ఉన్నచోటే ఉండేవి. ఆముదం రాయమన్నారు. రాశాక పీకబోతే వెంట్రుక చేతికి చిక్కితే ఒట్టు. కత్తెరతో కత్తిరించిన తెలివి మాత్రం నాదే. ఆ మొండిముక్కలు ఇంకా ఎక్కువ గుచ్చి, అమ్మ మూడు రోజులు కళ్ళు తెరవలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత కంసాలి దగ్గర శ్రావణం, అదే సన్నమొన పట్టకారు, తెచ్చి, దాని కొసలతో ఒక్కొక్క వెంట్రుకనూ కుదురుతో సహా లాగడం నేర్చుకున్నాను.

పెళ్ళై తాడేపల్లిగూడెం వెళ్ళిన కొత్తలో అమ్మను ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు రెప్ప తిరగేసి భూతద్దంతో చూశారు.

"నాలుగే కదమ్మా. ఆపరేషన్ చేసి రెప్ప బయటికి తిప్పొచ్చు, కానీ మళ్ళీ తిరగదని పూచీ ఇవ్వలేను. పీకించుకుంటూ ఉన్నా సరిపోతుంది. పదిహేను రోజులకోసారి చూసుకోవాలి. మానేశారా, గీరుకుని గీరుకుని నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు వేసి చూపు పోతుంది."

"ఆపరేషన్ వద్దండీ. మా అమ్మాయి చెయ్యి తేలికండీ, అదే పీకుద్దండీ," అంది అమ్మ.

నాకు ఒళ్ళు మండిపోయింది. బయటికి రాగానే అరిచాను.

"నేనెక్కడ, నువ్వెక్కడ? నేను రాలేకపోతే నీ కళ్ళేం కావాలి?"

"వస్తావులేవే," అంది.

ఆ రోజుల్లో కోడలు పండక్కో పురిటికో తప్ప పుట్టింటి గడప తొక్కేది కాదు. కానీ చూపు పోతుందని డాక్టరు అన్నాక కాదనే ధైర్యం ఎవరికుంది? "మీ అమ్మ రెప్పలేమన్నా వరిచేలటే, కలుపు తియ్యడానికెళ్తన్నావు," అని సణుగుతూనే అత్తగారు నూకలు మూటగట్టి ఇచ్చేది. ఏలూరు దాకా రైలు, అక్కణ్ణుంచి దోనె. అమ్మ రేవులో నిలబడి ఉండేది. అరుగు మీద నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకునేది. నాలుగు వెంట్రుకలకు ఎంతసేపు పడుతుంది? మాకు పొద్దంతా పట్టేది.

ఒకసారి నాకు జ్వరం తగిలి రెండు నెలలు కదల్లేకపోయాను. అమ్మ కంట్లో పువ్వు వేసేసే ఉంటుందని మంచంలోనే ఏడ్చాను. లేవగలిగిన రోజే, కబురైనా పెట్టకుండా బయల్దేరాను. రేవులో పక్కింటి పిన్ని గిన్నెలు తోముతోంది.

"పిన్నీ, అమ్మ కళ్ళెలా ఉన్నాయి?"

"బానే ఉన్నాయమ్మా. నిన్ననే పీకేశాను."

"నువ్వా?"

"నీ పెళ్ళైన కాణ్ణించీ మధ్యలో గుచ్చితే నేనేగా పీకేది! నువ్వొచ్చే వారం మాత్రం చెయ్యెయ్యనివ్వదు మీ అమ్మ. గుచ్చుతున్నా ఓర్చుకుని, మా అమ్మాయొస్తది, దానికి ఉంచాలంటది. ఈసారి నువ్వొస్తావని తెలీదుగా."

ఇంటికి వెళ్ళాను. అమ్మ నన్ను చూసి ఒక్క ఉదుటున లేచింది. చేతిలో వల పక్కన పడేసి, నేను అరుగు మీద కూర్చోగానే అలవాటుగా నా ఒళ్ళో తల పెట్టి కళ్ళు మూసుకుంది. రెప్ప తిరగేశాను. కన్ను తేటగా ఉంది. లోపలికి తిరిగినది ఒక్కటీ లేదు.

"ఉన్నాయా?" అంది, భయంభయంగా.

"ఉన్నాయమ్మా," అని శ్రావణాన్ని రెప్పకు తాకించి తీశాను. "పదిహేను రోజుల్లో మళ్ళీ రావాలి."