నిమ్మకాయ నలగని బండి

తిరుత్తణి కొండమీది స్వామి సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. తేమ మిరపకాయల తూకంలో తరుగు తీసినట్టు నా మాటల్లో కూడా సగం తరుగు తీసెయ్యాలని తిరువళ్లూరు బజారులో నాకొక పేరుంది. ఈ ఒక్కసారికీ తియ్యకండి. ఈ ఉదయం చిల్లర కోసం గల్లాపెట్టె అడుగున తడుముతుంటే చేతికి గోళీలాంటిది తగిలింది. తీసి చూస్తే ఎండి, నల్లబడి, రాయైపోయిన నిమ్మకాయ. గుమాస్తా పారెయ్యబోయాడు. "ఉండప్పా, అది కారుతో పందెం కట్టి గెలిచిన కాయ" అన్నాను. అతను నా మొహం చూసి, తరుగు తీసుకుని, తన పని చూసుకున్నాడు. అతను వినని కథ మీరు వినండి.

మా అంగడి వెనక మిరపకాయల గోడౌను ఉంది. ఇంజనీరింగు చదువుతున్న మా అక్క కూతురు ఒకనాడు తన జట్టును వెంటబెట్టుకొచ్చి, "మామా, గోడౌన్లో ఒక మూల ఇస్తావా?" అని అడిగింది. కాలేజీల పోటీకి హైడ్రోజన్ కారు కడతారట. సిలిండర్లోని హైడ్రోజనూ బయటి గాలీ ఫ్యూయల్ సెల్ అనే పెట్టెలో కలుసుకుంటే కరెంటు పుడుతుందట, దాంతో మోటారు తిరుగుతుందట, వెనక గొట్టంలోంచి పొగకు బదులు నీళ్లు కారతాయట. తక్కువ గ్యాసుతో ఎక్కువ దూరం పోయిన బండిదే గెలుపు. పిల్ల ముద్దుగా అడిగింది కదా అని సరేనన్నాను. వారం తిరక్కుండా మూల నాకు మిగిలి గోడౌను వాళ్లదైంది. మిరప దుమ్ము సెల్లుకు పడదని నా మూటలన్నీ వరండాలోకి ఎక్కాయి. అవి తడిస్తే అడిగేవాడు లేడు, సెల్లు మాత్రం తుమ్మకూడదు. నిప్పు కూడదన్నారు, హమాలీలు బీడీలకని వీధి దాటి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. ప్రతి శుక్రవారం అంగళ్లకు సాంబ్రాణి వేసే భాయిని కూడా గుమ్మంలోనే ఆపేశారు. ఆయన ధూపం పట్టుకుని నిలబడి, "ఏమన్నా, మీ అంగడి పొగకు కూడా పనికిరాకుండా పోయినాదా?" అని జాలిపడి వెళ్లాడు. అడ్డుకున్నది జట్టు కెప్టెన్, కళ్లద్దాల కుర్రాడు. తప్పు ఎక్కడ కనిపించినా దిద్దకుండా ఉండలేని జబ్బు అతనిది.

ఇక బరువు పిచ్చి. నేను మిరపకాయలు తూచే కాటా మీద వాళ్లు నట్లూ బోల్టులూ తూచేవారు. ఒక బోల్టుకు తల అనవసరమని తేలితే ఆ రోజంతా పండగే. అందరిలోకీ చిన్నగా ఉన్న మా మేనకోడలే డ్రైవరు. బండి తొట్టిని ఆమె కొలతకే పోశారు, ఇంకొకరెవరూ అందులో పట్టరు. పిల్లకు ఆ బండంటే ప్రాణం. బరువు తగ్గుతుందని ఒకరోజు జడ కత్తిరించుకొచ్చింది. మా అక్క ఆ జడను కొంగులో చుట్టుకుని అంగడికి వచ్చి, కాటా మీద పడేసి, "తూచరా! నా బిడ్డ వెంట్రుకలకి ఏం ధర పలుకుతాదో చెప్పు" అంది. ముల్లు కదల్లేదు. అది నా కాటా చేసిన తప్పైనట్టు అందరూ నన్నే చూశారు.

అక్క సంగతి చెప్పాలి. ఆమె ఇంట్లో గ్యాసు ఆపి, వీధి చివరదాకా వచ్చి, మళ్లీ వెనక్కి పోయి ఆపిందో లేదో చూసుకునే మనిషి. అలాంటామెకు కన్నకూతురు గ్యాసు సిలిండరు పక్కన వెల్లకిలా పడుకుని బండి నడుపుతుందంటే ఎలా ఉంటుంది? బండి తయారయ్యాక చూడ్డానికి వచ్చింది. నల్లటి పొడుగాటి తొట్టి, పైన మూత, ముందు రెండు సన్న చక్రాలు, వెనక ఒకటి. మేనకోడలు కాళ్లు ముందుకు చాపి పడుకుంది, మూత వేశారు. వెనక గొట్టంలోంచి బొట్టు బొట్టుగా నీళ్లు కారాయి. జట్టంతా చప్పట్లు కొట్టింది.

"ఇంత చేసి నీళ్లు కార్చేదానికా? మా ఫ్రిజ్జు ఊరికేనే కారుస్తాది" అంది అక్క. తర్వాత నన్ను పక్కకు లాగింది. గొంతు తగ్గించి అడిగింది. "ఏమిరా, పండుకొని కాళ్లు ముందరికి పెట్టి పొయ్యే బండి లోకంలో ఒకటే ఉండాది. దాంట్లో ఎక్కినోళ్లు యాడైనా దిగి వచ్చినారా?"

చివరికి ఆమె ఒక షరతు పెట్టింది. తిరుత్తణిలో బండికి పూజ కావాలి, బండి తనంతట తాను నిమ్మకాయలు తొక్కాలి, తొక్కితేనే తన బిడ్డ అందులో కూర్చుంటుంది. "పండుకుంటుంది, ఆంటీ" అని దిద్దాడు కెప్టెన్. ఆ ఒక్క మాటతో షరతు శపథమైంది. మేనకోడలు ఆ సాయంత్రం నా దగ్గరికొచ్చి, "అమ్మ వద్దంటే ఎక్కను మామా. ఎక్కకపోతే ఇంకెవరూ లేరు, పోటీయే లేదు" అని మొండి జుట్టు తడుముకుంటూ కూర్చుంది. మామ అన్నాక ఏం చేస్తాడు, కుట్టియానైకి అడ్వాన్సు ఇస్తాడు. మావైపు చిన్న లారీని అలాగే అంటారు, ఏనుగుపిల్ల అని.

తిరుత్తణిలో కొండ కింద రోడ్డు వారగా కొత్త బండ్లకు పూజలు చేస్తారు. మా బండిని దించగానే జనం మూగారు. అది కారని నేను, పడవని ఒకాయన. పూజారి పసుపు పెట్టి, బొట్టు పెట్టి, దండ వేశాడు. దండ బరువెంతని కెప్టెన్ అడిగాడు. ఇంతలో పళ్లెంలో కర్పూరం వెలిగింది. జట్టంతా ఒక్కసారిగా "సామీ, నిప్పు వద్దు!" అని అరిచింది. బండిలో హైడ్రోజన్ ఉంది మరి, తనంతట తాను కదలాలని షరతు కదా.

"కర్పూరం లేకుండా హారతి ఎట్ల సామీ? టార్చిలైటు చూపించేదా?" అన్నాడు పూజారి.

అక్క ఒక మెట్టు దిగదు, కెప్టెన్ ఒక గజం ఒప్పుకోడు. మధ్యలో నేను ఇద్దరి తిట్లూ తింటూ, హారతి రోడ్డు అవతలి పక్కనుంచి ఇవ్వాలని రాజీ కుదిర్చాను. పూజారి అవతలికి పోయి, బండి వైపు తిరిగి పళ్లెం తిప్పుతుంటే మధ్యలో అరక్కోణం బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు భక్తిగా చెయ్యి బయటకు చాపి హారతి కళ్లకద్దుకుని, పళ్లెంలో రూపాయి వేసి, వెళ్లిపోయాడు. మా హారతి అలా అరక్కోణం చేరింది.

తర్వాత నిమ్మకాయలు. ముందు చక్రాలకు జానెడు దూరంలో చెరొకటి పెట్టారు. మేనకోడలు పడుకుంది, మూత పడింది, మోటారు సన్నగా మూలిగింది. బండి జానెడు కదిలి, నిమ్మకాయలకు ఆనుకుని ఆగిపోయింది. మళ్లీ మూలిగింది. ఒక కాయ చివుక్కున జారి పూలబండి కిందికి దొర్లింది. రెండోది అలాగే నిలబడి కారును ఆపేసింది. కాయ తొక్కు మీద గీత కూడా పడలేదు. చుట్టూ ఉన్న జనం నవ్వడం కూడా మానేశారు. పూజారి ఆకాశం చూశాడు. అక్కకు ఇంతకన్నా అపశకునం లేదు.

అప్పుడు మూత లేచింది. మా మేనకోడలు తల బయటపెట్టి, "అమ్మా, నిమ్మకాయనే ఏమీ చెయ్యలేకపోయినాది, నన్నేం చేస్తాది?" అంది. అక్క ఆ కాయ దగ్గరికి నడిచింది. వంగి దాన్ని తీసింది. "శరి, పో" అంది.

పోటీలో బండి చివరి గీత దాటింది. కప్పు రాలేదు. పిల్ల దిగి వచ్చింది. కడంబత్తూరు నుంచి వచ్చే మా బేరగాళ్లకు మాత్రం కప్పు వచ్చిందనే చెప్పాను, దాని ఎత్తు కూడా చూపించాను.

ఇప్పుడు ఒప్పుకోలు. బస్సు డ్రైవరు హారతి తీసుకున్నది అబద్ధమని మీరు అనుకుంటారు, కానీ అది నిజమే. జడ తూచిందీ నిజం. నేను కల్పించింది ఒక్కటే, మేనకోడలి మాట. ఆ రోజు మూత లేవలేదు. లోపల పిల్ల కళ్లు మూసుకుని ఏడుస్తోంది. కెప్టెన్ నేల చూస్తున్నాడు, నేను దగ్గర్లోని వడల కొట్టు చూస్తున్నాను. అక్క తనే వంగి కాయను తీసి, బొటనవేలితో నొక్కి చూసి, మూత ఎత్తి, పిల్ల కన్నీళ్లు తుడిచి ఆ మాట అంది: "నిమ్మకాయనే ఏమీ చెయ్యలేకపోయినాది, నిన్నేం చేస్తాది? పో." కాయ నా చేతిలో పెట్టి గల్లాలో ఉంచమంది. అంతకాలం నన్ను వేపుకుతిన్న మనిషికి కథలో ఉన్న ఒక్క మంచి మాటా అప్పజెప్పడానికి నాకు మనసొప్పలేదు. కానీ మేనకోడలికి వచ్చింది అరవ చదువే. మా ఇంట్లో తెలుగు అచ్చు చదివేది అక్క ఒక్కతే, కాబట్టి నిజం రాయక తప్పింది కాదు.

కాయను మళ్లీ గల్లాలో వేస్తూ అలవాటుగా కాటా మీద పెట్టాను, ముల్లు కదల్లేదు. బండి నలపలేని కాయలోంచి కాలం ఎవరికీ తెలియకుండా రసమంతా తాగేసింది. పిల్ల జడ మాత్రం మళ్లీ నడుము దాటింది.