జలీల్ మిస్త్రీ కొనిపించిన జీపు

నిజామాబాదులో బోధన్ రోడ్డు పక్కన జలీల్ మిస్త్రీకి ఒక రేకుల షెడ్డు ఉండేది. పాత జీపు కొనాలనుకున్న ప్రతివాడూ ముందు ఆ షెడ్డుకు వచ్చి నాలుగు చీవాట్లు తిని, ఆ తరువాతే బేరానికి వెళ్లేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. తనకు తెలిసినంత ఎదుటివాడికి తెలియదన్న సంగతి ఒక్కటే ఇరవై ఏళ్లుగా ఆయన బుర్ర నిండా తిష్ఠ వేసుకుని కూర్చుంది. వేరే ఆలోచనకు అందులో చోటు లేదు.

పోచంపాడ్ దగ్గర డ్యాం పనులు మొదలయ్యాక జిల్లాలో పాత జీపులు ఎక్కువయ్యాయి. మిలిటరీ వేలంలో వచ్చినవి, కంట్రాక్టర్లు వాడి పారేసినవి చేతులు మారుతూ ఉండేవి. చెరుకు బాగా పండిన ఏడాది బోధన్ వైపు రైతులకు జీపు మీద మోజు పుట్టేది. వచ్చి బానెట్ నిమిరేవారు. టైరును కాలితో తన్నేవారు. హారన్ కొట్టి, అది మోగితే చాలన్నట్టు తల ఊపేవారు.

"ఎద్దును కొంటే పండ్లు పట్టి సూస్తరు. జీపును కొంటే రంగు సూస్తరు. ఎద్దుకున్న కిస్మత్ జీపుకు లేదు" అనేవాడు జలీల్, వాళ్ల ముఖం మీదే.

బట్టల దుకాణం రాజనర్సు కొత్త సీట్లు చూసి మురిసిపోయి ఒక జీపు కొన్నాడు. నెల తిరగకముందే దాని చట్రం నవీపేట్ రోడ్డు మీద రెండుగా విరిగింది. ఆ కథ జలీల్ ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. రాజనర్సు షెడ్డు ముందు నుంచి పోవలసి వస్తే అవతలి పక్కకు మారి పోయేవాడు.

జలీల్ పద్ధతి వేరు. గోనెపట్టా పరిచి, జీపు కిందికి దూరి, వెల్లకిలా పడుకుని గంటసేపు లేచేవాడు కాదు. "పైనంత ముస్తాబే. కడుపు కింద సూడాలె" అనేవాడు. అయితే పేరు పెరిగే కొద్దీ పడుకోవడం తగ్గింది. ఇంజను చప్పుడు వింటే చాలు, లోపలి జబ్బు తెలిసిపోతుందని మొదట జనం అన్నారు. తరువాత ఆయనే అనడం మొదలుపెట్టాడు. చివరికి నమ్మాడు కూడా.

అరవై ఎనిమిది ఎండాకాలంలో సిరికొండ నుంచి రూతమ్మ వచ్చింది. ఆమె మిషన్ నర్సు. అడవి పక్క ఊళ్లు తిరిగి కాన్పులు చేస్తుంది. వెంట లాజరు అనే డ్రైవరు ఉన్నాడు. కాని నడపడానికి ఇంకా బండి లేదు. చర్చి సంఘం వాళ్లు చందాలు వేసుకుని పాత జీపుకు సరిపడా పోగేశారు. కొత్తది కొనే తాహతు వాళ్లకు లేదు.

"మిస్త్రీ సాబ్, రంగు ఎట్లున్నా మంచిదే, సీట్లు లేకున్నా మంచిదే" అంది రూతమ్మ. "వానల్ల మా వాగు దాటాలె. పోయినేడు నొప్పులతోని ఉన్న పిల్లను ఎడ్లబండ్ల ఏసుకొని వస్తుంటె వాగు కాడ దిగబడ్డది. తల్లి దక్కలే, బిడ్డ దక్కలే. గా వాగు దాటితె సాలు నాకు."

జలీల్ ఆమెను తేరిపార చూశాడు. జీపు దేనికో తెలిసి కొనడానికి వచ్చిన మనిషిని ఇన్నేళ్లలో మొదటిసారి చూస్తున్నాడు. ఆ మాట పైకి అనడానికి నోరు రాలేదు. "నాలుగు చక్రాలు తిరిగే బండి సూపిస్త, బేఫికర్ ఉండమ్మా" అన్నాడు.

బోధన్ దగ్గర బాపురావు అనే చెరుకు ఆసామి జీపు అమ్ముతున్నాడని తెలిసి శుక్రవారం బయలుదేరారు. జుమ్మా నమాజు చదివి నేరుగా వచ్చిన జలీల్ మల్లెపువ్వులాంటి తెల్ల పైజామా, లాల్చీతో ఉన్నాడు. ఈ ఒక్కరోజైనా బట్టలకు గ్రీజు అంటనీయవద్దని ఇంట్లో మెహరున్నిసా చెప్పి పంపింది.

బాపురావు మర్యాదగా కుర్చీ వేయించి చాయ్ ఇచ్చాడు. పక్కనే కొట్టం ముందు ఒక బర్రె ఇనుప గుంజకు కట్టేసి ఉంది. జలీల్ చాయ్ తాగుతూ దాన్ని చూసి నవ్వాడు. "సూడు లాజరు, వీళ్లకు పైసలు ఎక్కువైనయ్. బర్రె గుంజకు గూడ ఇనుమే గావాలె."

తరువాత జీపు ఎక్కి చెరుకు కొట్టేసిన చేను గట్టు మీదికి పోనిచ్చాడు. ఎండకు నల్లరేగడి నేల బండలా ఉంది. ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందించే నాలుగు చక్రాల లీవరు లాగితే టక్కున పడింది. చిన్న గేరులో బండి గుర్రుమంటూ గట్టెక్కింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"మిస్త్రీ సాబ్, ఒక్కసారి కిందికెళ్లి సూస్తే..." అన్నాడు లాజరు.

"నువ్వు నాకు సెప్తవా? ఎద్దులు తోలుకున్నోనివి నిన్న మొన్న స్టీరింగ్ పట్టినవ్. నేను చెవితోని సూస్త. నీకు కండ్లున్నా కనవడది" అన్నాడు జలీల్. బేరం కుదిరింది.

వానలు పడ్డాయి. శ్రావణంలో ఒక మధ్యాహ్నం, ఎర్రటి బురద అంచున్న తెల్లచీరతో రూతమ్మ బస్సు దిగి షెడ్డుకు వచ్చింది. జీపు వాగులో దిగబడిందని చెప్పింది. అప్పుడు లోపల హన్మవ్వ అనే తొలిచూలు పిల్ల నొప్పులు పడుతోందట. వెనుక చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, ముందువి కదల్లేదు. ఊరివాళ్లు ఎడ్లు కట్టి లాగుతుంటే రూతమ్మ వెనుక సీటులోనే కాన్పు చేసిందట. తల్లీబిడ్డా బతికారు.

"నా పనితనం గాదు. దేవుడు దయ తల్సిండు" అంది.

"లాజరు లీవరు గుంజి ఉండడు" అన్నాడు జలీల్, షెడ్డులో అందరికీ వినబడేలా. "డ్రైవరని పేరు వెట్టుకుంటె అయితదా?"

"నా కండ్ల ముందే గుంజిండు. మీరే వచ్చి సూడుండ్రి."

మరునాడు సిరికొండలో, జీపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ లాజరు ఎదుట, జలీల్ బురదలో వెల్లకిలా పడుకుని కిందికి దూరాడు. ఇంజను దగ్గరి పెట్టె నుంచి ముందు చక్రాలకు పోవలసిన ఇనుప షాఫ్టు లేదు. అది ఉండవలసిన చోట గోనెగుడ్డ కుక్కి తాడుతో కట్టి ఉంది. గుడ్డి దీపంతో వెతికినా కనబడేంత ఖాళీ. ఎంత చెవి పెట్టినా లేని షాఫ్టు చప్పుడు చేయదు. గట్టు ఎక్కించింది వెనుక చక్రాలే. ఈయనగారు కళ్లు మూసుకుని విన్నది వాటినే.

అలా పడుకునే ఉండగా బర్రె గుంజ గుర్తొచ్చింది. గొట్టంలా ఉన్న ఆ ఇనుము, పైన చీలిన మెడ. పొద్దున లేస్తే తాను చేతిలో పట్టుకునే సామాను, ఇక్కడ లేని షాఫ్టు. చాయ్ తాగుతూ దాన్నే చూసి నవ్వాడు.

బోధన్ వెళ్లి అడిగితే బాపురావు ఏమాత్రం తడబడలేదు. "బోధన్‌కు, నిజామాబాదుకు మంచి రోడ్డేనాయె. ముందరి చక్రాలు ఉత్తగ తిరిగితె పెట్రోలు దండుగ అని అందరం తీసేస్తిమి. దాస్తిమా? నీ కుర్చీ ముందరనే ఉండె గద, జలీల్ భాయ్. అడిగితె సెప్పకపోతునా?"

జలీల్ తాడు విప్పి, బర్రెను పక్కన ఉన్న చింతకొయ్యకు కట్టి, గుంజను తానే పెరికాడు. దాన్ని భుజాన వేసుకుని బస్సెక్కాడు. పేడ వాసనకు పక్కవాడు జరిగి కూర్చున్నాడు.

రెండు రోజులు దాన్ని తోమి, కీళ్లు మార్చి, సిరికొండ వెళ్లి బిగించాడు. ఆయన అడిగిన పానా అడిగినట్టు లాజరు అందించాడు. ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. అంటే బాగుండునని జలీల్‌కు అనిపించింది.

చేతులు తుడుచుకుంటూ, "ఇగ బేఫికర్, అమ్మా. వాగు దాటుతది" అన్నాడు.

రూతమ్మ సరేనని గోనెపట్టా తెచ్చి జీపు పక్కన పరిచింది. తెల్లచీర కుచ్చిళ్లు ఎగదోపి, దాని మీద వెల్లకిలా పడుకుని, టార్చిలైటు వేసుకుని కిందికి దూరింది.