జ్వరం కాని వేడి

మండుటెండలో నేను దాచేపల్లి నుంచి గురజాలకు నడిచిపోతుంటే, సున్నపురాయి లారీల దుమ్ములో ఒక బర్రె రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. నోరు తెరిచి, నాలుక వేలాడేసి రొప్పుతోంది. పలుపు పట్టుకున్నామె పేరు షకీలా. మొగుడు లారీ మీంచి పడి నడుం విరిగినప్పటి నుంచి, పన్నెండేళ్లుగా టీకొట్లకు పాలు పోసి ఇల్లు నడుపుతోందట. పక్కనున్న హోటలాయన చెప్పాడు.

"గురజాల పశువులాస్పత్రికి తోలుకుపోతన్నా తాతా. ఏడో నెల చూడిది. రెండ్రోజుల్నించి జొరం."

"జ్వరమని ఎవరన్నారు?"

"మా ఊరి కాంపౌండరు. నూటారుందంట. సూదేశాడు. తగ్గిందాకా ఒంటి మీద నీళ్లచుక్క పడగూడదన్నాడు. పోయలా."

నాకు ఒళ్లు మండింది. జ్వరమొస్తే మనం స్నానం మానేస్తాం, ఆ అలవాటు తెచ్చి బర్రెకు రుద్దారు. దీనికి తగిలింది వడదెబ్బ. జ్వరంలో ఒళ్లే కావాలని వేడి పెంచుకుంటుంది. వడదెబ్బలో దించుకోవాలన్నా దించుకోలేదు. వెచ్చటి నెత్తురున్న ప్రతి జంతువూ లోపలి వేడిని ఒకచోట నిలబెట్టుకోవాలి. మనిషికి చెమట ఉంది. నల్లతోలు బర్రెకు ఆవుకు పట్టినంత చెమట కూడా పట్టదు, దానికి బురదే చెమట. ఇదంతా చెప్పి ఊరుకుంటే బాగుండేది. అమెరికా అడవిదున్న దాకా పోయాను.

"దాని వీపు మీద పడ్డ మంచు కరగదమ్మా. లోపలి వేడిని బొచ్చు అంత గట్టిగా..."

"ఈ ఎండలో మంచు కబుర్లేంది తాతా? నువ్వు డాక్టరువా?"

"కాదు. చదివాను."

"చదివినోళ్లు చానామందే. సూదేసినోడు ఒక్కడే."

ఈలోగా బర్రె ముందుకాళ్లు వంగాయి.

"నీళ్లు పోస్తే చస్తేనో?" గొంతు తగ్గింది.

"పోయకపోతే ఆస్పత్రి దాకా రాదు."

ఆమె హోటలు తొట్టిలో బకెట్ ముంచింది. "అవి తాగే నీళ్లమ్మోయ్!" అని హోటలాయన అరిచాడు. "ఇదీ తాగేదేలే!" అని కాళ్ల నుంచి వీపు దాకా గుమ్మరించింది. తడి ఆరేటప్పుడే వేడి లాక్కుపోతుందని, గాలికి నిలబెట్టమన్నాను. ఇరవై బకెట్లయ్యాక నాలుక లోపలికి పోయింది.

ఆమె మొహం మాత్రం తేటపడలేదు. "ఇంట్లో బోరు పెట్టుకోని రెండ్రోజులు దీన్ని ఎండబెట్టా," అంటూ బర్రె డొక్క మీద అరచెయ్యి ఆనించి తడిమి చూసింది.

"దూడ కదలట్లా. బతికుందా తాతా?"



"తెలీదమ్మా. కాస్త పొద్దు వాలనీ, అప్పుడు పోదువు."

ఆమె వినలేదు. తడి గోనె వీపున కప్పి, పలుపందుకుని, నా వైపు చూడకుండానే గురజాల దారి పట్టింది.