రోహిణి కార్తెలో పేక

రోహిణి కార్తెలో ఉన్ని నేయడం నేర్చుకోవాలని ఎవరికైనా బుద్ధి పుడుతుందా? నాకు పుట్టింది. రాజమండ్రిలో తారు రోడ్డు చెప్పులకు అంటుకునే రోజుల్లో, పాత ఫొటో ఫ్రేముకు మేకులు కొట్టి, దాన్నే మగ్గం అనుకుని హాల్లో కూర్చున్నాను. పాఠం ఫోన్లో వీడియో. ఫ్యాను మోతలో వినబడదని సౌండు పూర్తిగా పెంచేదాన్ని. నిలువు దారాలు పడుగు, వాటి మధ్య అడ్డంగా తోసేది పేక. ఆ వీడియోలో ఆవిడది ఒకటే గోల: "పేక వెయ్యండి! పేక కొట్టండి! మళ్లీ పేక వెయ్యండి!"

ఒక మధ్యాహ్నం పక్కింటి రిటైర్డు గుమాస్తాగారు ఉతికిన చొక్కా తొడుక్కుని పెరటి గుమ్మంలోంచి మెల్లగా తొంగి చూశారు.

"చెయ్యి తక్కువైతే నేనున్నానండి."

"మగ్గానికి నా రెండు చేతులూ చాలండి," అన్నాను ఒళ్లు మండి.

ఆయన లోపలికి వచ్చి, పేకముక్కల కోసం హాలంతా కళ్లతో వెతికారు. చివరికి నా ఒళ్లో ఉన్న ఉన్నిని ముట్టుకుని, పెనం తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

"ఇదాండీ పేక?"

"ఇదేనండి. మా ఆయనకి మఫ్లరు నేస్తున్నాను."

ఆయన నుదురు తుడుచుకుని వెళ్లిపోయారు. అంతలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగడంతో గోడ అవతల వాళ్లావిడ అడగడం స్పష్టంగా వినబడింది.

"ఏంటి, నిజంగానే పేకాడుతున్నారా?"

"పేకాటైతే ఎలాగోలా మాన్పించొచ్చే. ఇది బాగా ముదిరిపోయింది."